రొయ్యల ప్లాంటుకి, రైస్ మిల్లుకి ఎనర్జీ ఆడిట్ చట్టప్రకారం తప్పనిసరా?

తర్వాత చదివేవాళ్ల కోసం ముందు ప్రశ్న ఏంటో చెప్తాను. భీమవరం దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు, దానికి ఆనుకుని ఐస్ ప్లాంటు, తణుకు వైపు ఒక బాయిల్డ్ రైస్ మిల్లు, మూడూ ఒకే కుటుంబానివి. టర్నోవర్ 400 కోట్ల దాకా ఉంది, ఆరేడు వందల మంది పనిచేస్తున్నారు. ఒక కన్సల్టెంట్ వచ్చి, పెద్ద వ్యాపారాలకి ఎనర్జీ ఆడిట్ చట్టప్రకారం తప్పనిసరి, చేయించకపోతే 10 లక్షలు జరిమానా, పైన రోజుకి 10 వేలు, మార్చిలోపు మా దగ్గర సర్టిఫికెట్ తీసుకోండి అని కొటేషన్ ఇచ్చి వెళ్లారట. అదే నెలలో యూరప్‌లో సరుకు కొనే కంపెనీ కూడా కరెంటు లెక్కలు పంపమని మెయిల్ పెట్టింది. ఈ రెండూ ఒకటేనా, డబ్బు కట్టాలా వద్దా, ఇదీ మీరు అడిగింది.

సూటిగా చెప్తున్నానండి. ఆయన చెప్పిన ఆ జరిమానా ఉన్న చట్టం కింద మీ మూడు యూనిట్లలో ఒక్కటి కూడా రాదు. ఆ భయంతో ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. యూరప్ వాళ్లు అడిగింది వేరే సంగతి, అది కింద చెప్తాను. ఇంకో మాట కూడా ఇప్పుడే చెప్పేస్తున్నాను: ఆడిట్ మాత్రం చేయించుకోండి, మీటర్లు పెట్టి కొలిచే ఆడిట్. మీ కరెంటు బిల్లులో సగానికి పైగా అమ్మోనియా కంప్రెసర్లే తింటుంటాయి, అక్కడ పోయే డబ్బు ఏ జరిమానా కన్నా పెద్దది.

నేను బీఈఈ (కేంద్ర ప్రభుత్వ ఎనర్జీ ఎఫిషియెన్సీ బ్యూరో) పరీక్ష పాసైన ఎనర్జీ ఆడిటర్‌ని, పనంతా గోదావరి జిల్లాల్లోనే. ఎక్కువగా ఐస్ ప్లాంట్లు, కోల్డ్ స్టోరేజీలు, రొయ్యల ప్లాంట్లు, రైస్ మిల్లులు చూస్తాను. కింద చెప్పేదంతా ఆ పని లోంచి వచ్చిందే.

ముందు చట్టం సంగతి. ఎనర్జీ కన్జర్వేషన్ చట్టం 2001లో వచ్చింది, 2002 మార్చి 1 నుంచి అమల్లో ఉంది, 2010లో ఒకసారి, 2022లో మరోసారి సవరించారు. ఆడిట్ విషయంలో ఈ చట్టం మీ టర్నోవర్ ఎంతో అడగదు, ఎంతమంది పనిచేస్తున్నారో అడగదు. మీరు "డిజిగ్నేటెడ్ కన్స్యూమర్" అవునా కాదా, అదొక్కటే చూస్తుంది. అవ్వాలంటే రెండూ కలవాలి. మీ రంగం కేంద్రం నోటిఫై చేసిన జాబితాలో ఉండాలి, ఆ ప్లాంటు ఏడాదికి వాడే శక్తి ఆ రంగానికి పెట్టిన హద్దు దాటాలి. 2007లో ఇచ్చిన నోటిఫికేషన్‌లో సిమెంటు, ఎరువులు, ఇనుము ఉక్కు, పేపర్, థర్మల్ విద్యుత్ కేంద్రాలకి 30,000 టీఓఈ (శక్తిని కొలిచే లెక్క, కింద చెప్తాను), కాస్టిక్ సోడా తీసే ఫ్యాక్టరీలకి 12,000, అల్యూమినియంకి 7,500, టెక్స్‌టైల్‌కి 3,000 అని పెట్టారు. తర్వాత డిస్కంలు (కరెంటు పంపిణీ కంపెనీలు), ఆయిల్ రిఫైనరీలు, పెట్రోకెమికల్స్, హోటళ్ల లాంటి పెద్ద వాణిజ్య భవనాలు వచ్చి చేరాయి. చేపలు, రొయ్యల ప్రాసెసింగ్ గానీ, రైస్ మిల్లు గానీ, ఐస్ ప్లాంటు గానీ ఆ జాబితాలో లేవు.

టీఓఈ అంటే ఒక టన్ను ఆయిల్‌లో ఉండేంత శక్తి, కోటి కిలోకేలరీలు. ఒక యూనిట్ కరెంటుకి 860 కిలోకేలరీలు లెక్క, కాబట్టి ఒక టీఓఈ అంటే దాదాపు 11,630 యూనిట్లు. మీరిచ్చిన అంకెలు వేసి చూద్దాం. రొయ్యల ప్లాంటు ఏడాదికి 70 లక్షల యూనిట్లు, మిల్లు 15 లక్షలు, ఐస్ ప్లాంటు 8 లక్షలు, మొత్తం 93 లక్షలు. అది 800 టీఓఈ. జనరేటర్‌కి పోసే డీజిల్ ఏడాదికి 40 వేల లీటర్లు అన్నారు, లీటరుకి 9,000 కిలోకేలరీలు వేసుకుంటే ఇంకో 36. మిల్లు బాయిలర్‌లో మండే ఊక 3,000 టన్నులు, కిలోకి 3,000 కిలోకేలరీల చొప్పున 900. మూడు యూనిట్లూ కలిపి, ఊకతో సహా, 1,750 కూడా అవ్వట్లేదు. నిజానికి అలా కలపకూడదు, హద్దు ఏ ప్లాంటుకి ఆ ప్లాంటుకే చూస్తారు. కలిపినా సరే, ఆ నోటిఫికేషన్‌లో అన్నిటికన్నా తక్కువ హద్దు ఉన్న టెక్స్‌టైల్‌కి కూడా దరిదాపుల్లో లేరు.

మన చుట్టుపక్కల ఈ చట్టం పట్టుకునేది ఎవరినో చూస్తే మీకు స్థాయి అర్థమవుతుంది. రాజమండ్రిలో పేపర్ మిల్లు, కొవ్వూరు వైపు కాస్టిక్ సోడా, కాకినాడలో ఎరువులు, పెద్ద స్పిన్నింగ్ మిల్లులు, ఇలాంటి రంగాలు. మనకి కరెంటు ఇచ్చే ఈపీడీసీఎల్ కూడా డిజిగ్నేటెడ్ కన్స్యూమరే, డిస్కంలు ఏటా ఎనర్జీ ఆడిట్ చేయించుకోవాలని 2021లో నిబంధనలు వచ్చాయి. ఫ్యాక్టరీలకైతే 2010 నాటి నిబంధనల ప్రకారం నోటిఫై అయిన 18 నెలల్లోపు మొదటి ఆడిట్, ఆ తర్వాత మూడేళ్లకోసారి, అదీ బీఈఈ అక్రెడిటేషన్ ఉన్న ఆడిటర్‌తోనే. సర్టిఫై అయిన ఎనర్జీ మేనేజర్‌ని పెట్టుకోవాలి, ఏటా వాడకం లెక్కలు పంపాలి. ఈ బాధ్యతలు తప్పితేనే సెక్షన్ 26 కింద ఆ 10 లక్షల వరకు, రోజుకి 10 వేల వరకు జరిమానాలు. మీ కన్సల్టెంట్ చెప్పిన అంకెలు సరైనవే, అవి ఎవరికి వర్తిస్తాయో ఆ సగం చెప్పలేదు. "సర్టిఫికెట్" అనేది కూడా అంతే. డిజిగ్నేటెడ్ కన్స్యూమర్ అయినా సరే ఆడిట్ రిపోర్టు, దాని మీద ఏం చేస్తామో ఆ ప్రణాళిక ప్రభుత్వ ఏజెన్సీకి ఇస్తారు, గోడకి తగిలించుకునే సర్టిఫికెట్ ఏమీ ఉండదు.

ఇంకొందరు 100 కిలోవాట్లు లేదా 120 కేవీఏ దాటితే చాలు అని చెప్తారు. అది కొత్తగా కట్టే వాణిజ్య భవనాల కోడ్‌కి సంబంధించిన హద్దు, మీ ఫ్యాక్టరీ ఆడిట్‌తో దానికి సంబంధం లేదు. మళ్లీ ఎవరైనా వచ్చి తప్పనిసరి అంటే ఒక్కటే అడగండి: "ఏ సెక్షన్, ఏ నోటిఫికేషన్, ఏ తేదీ, లెటర్‌హెడ్ మీద రాసి సంతకం పెట్టి ఇవ్వండి." జాబితాకి కొత్త రంగాలు కలుస్తూ ఉంటాయి కాబట్టి అలా రాసిస్తే కాగితం పట్టుకుని సరిచూసుకోవచ్చు. రాసివ్వకపోతే అక్కడితో ఆ మాట వదిలేయొచ్చు.

ఇక యూరప్ సంగతి. అక్కడ 2012 డైరెక్టివ్‌తో చిన్న, మధ్యతరహా కానివాళ్లందరికీ నాలుగేళ్లకోసారి ఆడిట్ పెట్టారు, మొదటి గడువు 2015 డిసెంబర్ 5. అంటే వాళ్లు కంపెనీ సైజుని చూశారు. 2023లో దాన్ని తిరగరాసి, మన పద్ధతిలోకే, అంటే వాడే శక్తి లెక్కకే వచ్చారు: ఏడాది సగటు 10 టెరాజౌళ్లు దాటితే 2026 అక్టోబర్ 11 లోపు ఆడిట్, 85 దాటితే 2027 అక్టోబర్ 11 లోపు ఏకంగా ఎనర్జీ మేనేజ్‌మెంట్ సిస్టమే పెట్టుకోవాలి. 10 టెరాజౌళ్లంటే దాదాపు 28 లక్షల యూనిట్లు. ఆ కొలతతో చూస్తే మీ రొయ్యల ప్లాంటు ఒక్కటే హద్దు దాటేస్తుంది, అందుకే ఎవరైనా ఈ అంకె చూపించి మిమ్మల్ని కంగారు పెట్టొచ్చు. ఆ చట్టం యూరప్‌లో ఉన్న సంస్థలకి, భీమవరంలో ఉన్న ప్లాంటుకి కాదు. బ్రిటన్‌లో ఉన్న ఈసాస్ పథకం కూడా అంతే, బ్రిటన్‌లో వాడే శక్తికే.

మరి మిమ్మల్ని ఎందుకు అడిగారంటే, వాళ్ల లెక్కల్లో సరుకు ఎక్కడి నుంచి వస్తుందో అక్కడి వాడకం కూడా ఈమధ్య అడుగుతున్నారు. అది చట్టం కాదు, కస్టమర్ షరతు. కానీ సరుకు అమ్ముకునేది వాళ్లకే కాబట్టి తేలిగ్గా తీసుకోవద్దు. వాళ్లకి కావాల్సింది సాధారణంగా కిలో రొయ్యలకి ఎన్ని యూనిట్లు, ఎంత డీజిల్ అనే అంకె, ఏడాదిది. అంచనా రాసి పంపకండి, వచ్చే ఏడాది నిజం అంకెతో పోల్చినప్పుడు దొరికిపోతారు. బిల్లుల నుంచి తీయండి. ఐస్ ప్లాంటుకి వేరే సర్వీసు ఉంటే అక్కడి నుంచి మీ ప్లాంటుకి వచ్చే ఐస్ వాటా కూడా కలపండి, బయట బోట్లకి, చెరువులకి అమ్మేది తీసేయండి.

ఇప్పుడు అసలు విషయం, నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది ఇదే. తప్పనిసరి కానప్పుడు ఆడిట్ ఎందుకు?

ఒకచోట చూసిందే చెప్తాను, మీలాంటి ప్లాంటే, పేరు వద్దు. కంప్రెసర్ రూంలో డిశ్చార్జి గేజ్ ముల్లు 14.8 కేజీల దగ్గర నిలబడి ఉంది. ఆపరేటర్‌ని అడిగితే "ఎప్పుడూ ఇంతేనండి, ఎండాకాలం పదిహేను దాటుద్ది" అన్నారు. లాగ్‌బుక్ తిరగేస్తే నిజంగానే నెలల తరబడి అదే అంకె, అదే చేతిరాత. అమ్మోనియాకి 14.8 కేజీలంటే దాదాపు 40 డిగ్రీల దగ్గర ద్రవంగా మారుతోందని. ఆరోజు బయట వెట్ బల్బ్ (తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపే వేడి, గాలిలో తేమని బట్టి మారుతుంది) 27 డిగ్రీలు. ఆ గాలికి, వాళ్లకున్న ఎవాపరేటివ్ కండెన్సర్ (నీళ్లు చల్లి అమ్మోనియాని చల్లబరిచేది) సైజుకి, 35 డిగ్రీల్లో పని జరగాలి, అంటే గేజ్ 12.7 దగ్గర ఉండాలి. ఐదు డిగ్రీలు తేడా. కండెన్సింగ్ ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే కంప్రెసర్ తినే కరెంటు రెండు మూడు శాతం పెరుగుతుంది, కాబట్టి పది నుంచి పదిహేను శాతం కరెంటు ఊరికే పోతోంది, పగలూ రాత్రీ, ఏడాది పొడవునా.

పైకెక్కి కండెన్సర్ చూస్తే కారణం కంటికే కనపడింది. గొట్టాల మీద తెల్లటి గార, గోరుతో గీకితే ఊడదు, స్క్రూడ్రైవర్‌తో కొడితే పెచ్చుగా లేచింది. మన డెల్టాలో సముద్రం వైపు బోరు నీళ్లంటే ఎలా ఉంటాయో మీకు తెలుసు. ఆ నీళ్లు నేరుగా కండెన్సర్ మీద తిప్పుతున్నారు, మెత్తబరిచే ప్లాంటు ఉంది కానీ రెజిన్ ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలీదు. నాజిళ్లు సగం మూసుకుపోయి ఒక పక్క గొట్టాలు ఎండిపోయి ఉన్నాయి. పైగా సిస్టమ్‌లో గాలి చేరింది. కొత్త మెషీన్లేమీ కొనలేదు. గాలి పర్జ్ చేశారు (బయటికి వదిలేశారు), గార తీయించారు, నాజిళ్లు మార్చారు, రెజిన్ వేశారు. ముల్లు 13 దగ్గరికి వచ్చింది. అయిన ఖర్చు కరెంటు బిల్లులో కొద్ది నెలల్లోనే తిరిగొచ్చేసింది.

ఇది ఏ చట్టమూ చెప్పి చేయించే పని కాదు. కొలిచి చూపిస్తే తప్ప యజమానికి కనపడదు, ఎందుకంటే ప్లాంటు నడుస్తూనే ఉంది, సరుకు గడ్డకడుతూనే ఉంది, బిల్లు ప్రతి నెలా దాదాపు అంతే వస్తోంది. మన తేమ గాలిలో ఇంకో ఇబ్బంది ఏంటంటే కోల్డ్ స్టోర్ తలుపు తెరిచినప్పుడల్లా తడిగాలి లోపలికి పోయి కాయిల్స్ మీద మంచుగా పేరుకుంటుంది, ఆ మంచు కరిగించడానికి మళ్లీ కరెంటు. ప్లాస్టిక్ కర్టెన్లు చిరిగిపోతే మార్చకుండా పైకి మడిచి కట్టేస్తారు లోడింగ్‌కి అడ్డం అని. ఇలాంటి చోట పోయే కరెంటు మీటర్ మీద విడిగా కనపడదు, కంప్రెసర్ ఇంకో రెండు గంటలు ఎక్కువ తిరుగుతుంది, అంతే.

భీమవరం ఐస్ ప్లాంట్ల గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. బీఈఈ చిన్న, మధ్యతరహా పరిశ్రమల పథకం కింద దేశంలో కొన్ని క్లస్టర్లు ఎంచుకున్నప్పుడు భీమవరం ఐస్ ప్లాంట్లు అందులో ఉన్నాయి, ఉభయ గోదావరి జిల్లాల రిఫ్రాక్టరీలు (కొలిమి వేడిని తట్టుకునే ఇటుకలు చేసేవి) కూడా ఉన్నాయి. అంటే మన దగ్గర కరెంటు ఎక్కడ పోతోందో ఢిల్లీ వాళ్లు ఎప్పుడో చూసి పుస్తకం వేశారు. బ్రైన్ (ఉప్పునీళ్ల) ట్యాంకు ఇన్సులేషన్, పాత మోటార్లు, కండెన్సర్ నీళ్లు, మళ్లీ ఇవే. మీ ఐస్ ప్లాంటు పాతదైతే ట్యాంకు గోడకి చెయ్యి ఆనించి చూడండి, చల్లగా తగిలి చెమట పట్టి ఉంటే ఇన్సులేషన్ పోయినట్టే.

ఇప్పుడు ఆడిట్ పేరుతో జరిగే ఇంకో పని గురించి, ఇది తల్చుకుంటే నిజంగా కోపం వస్తుంది. ఒక ప్లాంటులో పాత రిపోర్టు చూపించారు, వంద పేజీలు దాటి ఉంది, రంగుల గ్రాఫులు, మంచి బైండింగ్. మధ్యలో హ్యూమిడిఫికేషన్ ప్లాంట్, రింగ్ ఫ్రేములు అని ఉంది. అవి స్పిన్నింగ్ మిల్లులో ఉండేవి. రొయ్యల ప్లాంటు యజమాని దానికి డబ్బు కట్టి, బీరువాలో పెట్టి, ఆడిట్ అయిపోయిందనుకున్నారు. సిఫార్సులు చూస్తే ఎల్ఈడీ లైట్లు పెట్టండి, ఏసీ 24 డిగ్రీల్లో పెట్టండి, సోలార్ వేయించండి. 70 లక్షల యూనిట్లు వాడే చోట లైట్ల మీద ఎంత మిగులుతుంది? కంప్రెసర్ రూంలోకి ఆ మనిషి అడుగు కూడా పెట్టి ఉండరు. ఇలాంటి రిపోర్టుల వల్లే మన దగ్గర ఆడిట్ అంటే కాగితం అనే మాట పాతుకుపోయింది, నిజంగా పని చేసేవాళ్లని కూడా గేటు దగ్గరే "మాకు ఉందండి" అని పంపేస్తున్నారు.

అందుకే వర్క్ ఆర్డర్‌లో ఏం రాయించుకోవాలో చెప్తాను. ప్రతి పెద్ద మోటారు మీద పవర్ ఎనలైజర్ పెట్టి కనీసం 24 గంటలు రికార్డ్ చేయాలి, క్లాంప్ మీటర్‌తో ఒక్క క్షణం ఆంపియర్లు చూసి వోల్టుతో గుణించడం కాదు. కంప్రెసర్‌కి సక్షన్, డిశ్చార్జి ఒత్తిళ్లు, ఉష్ణోగ్రతలు గంట గంటకీ కావాలి. కొలిచిన పరికరం ఏది, దాని కాలిబ్రేషన్ తేదీ ఎప్పుడు అన్నది రిపోర్టులో ఉండాలి. కొలిచిన ముడి అంకెలు ఎక్సెల్‌లో మీకు ఇవ్వాలి, పీడీఎఫ్ ఒక్కటే సరిపోదు. ప్రతి సిఫార్సుకీ ఇప్పుడెంత, తర్వాత ఎంత, ఖర్చెంత, ఎన్ని నెలల్లో తిరిగొస్తుంది, ఏ లెక్కతో చెప్తున్నారు, ఇవన్నీ ఉండాలి. ఫీజులో కొంత భాగం, నేనైతే మూడో వంతు అంటాను, సిఫార్సులు అమలు చేశాక మళ్లీ వచ్చి కొలిచిన తర్వాతే ఇవ్వండి. దీనికి ఒప్పుకోని ఆడిటర్‌తో మీకు పని లేదు. వచ్చే మనిషి సర్టిఫైడ్ ఎనర్జీ ఆడిటరా, అక్రెడిటేషన్ కూడా ఉందా అన్నది బీఈఈ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడొచ్చు. మీకు చట్టప్రకారం అక్రెడిటేషన్ ఉన్నవాళ్లే రావాలని లేదు, అమ్మోనియా తెలిసినవాళ్లు రావాలి. పరీక్ష పాసై సిమెంటు ఫ్యాక్టరీల్లోనే పనిచేసినవాళ్లకి ప్లేట్ ఫ్రీజర్ సైకిల్ అర్థమవడానికే రెండు రోజులు పడుతుంది.

పరికరాలు అమ్మే కంపెనీ "ఉచిత ఆడిట్" అంటే వద్దనకండి, చేయనివ్వండి, కానీ దాన్ని ఆడిట్ అనుకోకండి. వేరియబుల్ డ్రైవ్ (మోటారు వేగం మార్చే పరికరం) అమ్మేవాళ్లకి ప్రతి మోటారుకీ డ్రైవ్ అవసరమే. డ్రైవ్ మంచిదే, ఫ్యాన్ వేగం 20 శాతం తగ్గిస్తే కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది, కానీ అది వేగం తగ్గించడానికి వీలున్న చోట మాత్రమే. ఎప్పుడూ నిండు లోడ్ మీద తిరిగే కంప్రెసర్‌కి డ్రైవ్ పెడితే మిగిలేది ఏమీ ఉండదు, డ్రైవ్ తినే రెండు మూడు శాతం అదనం.

ఆడిటర్ వచ్చేలోపు మీరే చేసుకోగలిగేది ఒకటుంది, హెచ్‌టీ (హైటెన్షన్) బిల్లు చదవడం. మన దగ్గర హెచ్‌టీకి కేవీఏహెచ్ (లైన్ నుంచి లాగిన మొత్తం) మీద బిల్లు, కాబట్టి పవర్ ఫ్యాక్టర్ (అందులో నిజంగా పనికొచ్చే వాటా) తగ్గితే వేరే పెనాల్టీ కనపడకపోయినా యూనిట్లలోనే కట్టేస్తున్నారు. కేడబ్ల్యూహెచ్‌ని కేవీఏహెచ్‌తో భాగించండి, 0.98 కన్నా తక్కువ వస్తే కెపాసిటర్ ప్యానెల్ తెరిపించండి, కొన్ని యూనిట్లు ఉబ్బిపోయి ఉంటాయి. తర్వాత డిమాండ్. సీఎండీలో (డిస్కంతో ఒప్పుకున్న గరిష్ఠ డిమాండ్) 80 శాతానికి లేదా మీరు తాకిన ఆర్ఎండీకి (మీటర్ మీద నమోదైన గరిష్ఠ డిమాండ్), ఏది ఎక్కువైతే దానికి బిల్లు వేస్తారు. మీ సీఎండీ 1,500 అన్నారు, 80 శాతం అంటే 1,200. ఆర్ఎండీ ఏడాదంతా 1,050 దాటకపోతే వాడని 150 కేవీఏకి నెలనెలా కడుతున్నట్టు, కేవీఏకి 475 రూపాయలు వేసుకుంటే నెలకి 71 వేలు. అలాగని తొందరపడి తగ్గించేయకండి, పట్టుబడి ఎక్కువగా ఉండే నెలల్లో ఎంత తాకిందో 24 నెలల బిల్లులు చూసి, అప్పుడు దరఖాస్తు పెట్టండి. సీఎండీ దాటితే పడే బాదుడు ఇంకా ఎక్కువ.

రైస్ మిల్లు సంగతి క్లుప్తంగా. బాయిలర్‌లో ఊక మన సొంతమే కదా అని ఎవరూ పట్టించుకోరు, కానీ మిగిలిన ఊకకి ఇప్పుడు రేటుంది. చిమ్నీకి వెళ్లే పొగ వేడి చూడండి, ప్రతి 22 డిగ్రీలు తగ్గిస్తే బాయిలర్ ఎఫిషియెన్సీ ఒక శాతం పెరుగుతుంది. ఫీడ్ వాటర్ ఆరు డిగ్రీలు వేడెక్కించి పంపితే ఒక శాతం ఇంధనం మిగులుతుంది. సార్టెక్స్‌కి (రంగు మారిన బియ్యం గింజలు ఏరే మెషీన్) గాలి ఇచ్చే కంప్రెసర్ మీద, మిల్లు ఆపేసిన రాత్రి ఒక గంట కూర్చోండి: ఎవరూ గాలి వాడనప్పుడు అది ఎంతసేపు లోడ్ అయ్యింది, ఎంతసేపు ఖాళీగా తిరిగింది రాసుకోండి. లోడ్ అయిన సమయాన్ని మొత్తం సమయంతో భాగిస్తే లీకేజీ శాతం వచ్చేస్తుంది. ఇరవై శాతం దాటితే గొట్టాల జాయింట్లకి సబ్బునీళ్లు రాసి వెతకండి. దీనికి నాలాంటివాళ్లు అక్కర్లేదు.

డబ్బు విషయంలో ఒక మంచి దారి ఉంది. బీఈఈ 2025 జూలైలో అడీటీ అనే పథకం మొదలుపెట్టింది, సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమలు కరెంటు ఆదా చేసే మెషీన్లు పెట్టుకోవడానికి తీసుకునే అప్పు మీద వడ్డీ రాయితీ, సూక్ష్మ, చిన్న వాటికి 5 శాతం, మధ్యతరహాకి 3 శాతం. ఎంచిన 14 రంగాల్లో ఫిషరీ, ఫుడ్ ప్రాసెసింగ్ రెండూ ఉన్నాయి. ఇన్వెస్ట్‌మెంట్ గ్రేడ్ ఆడిట్‌కి కూడా అందులో సాయం ఉంది, కాకపోతే పెట్టే మెషీన్‌తో కనీసం 10 శాతం ఆదా అవుతుందని చూపించాలి. 2025 ఏప్రిల్ 1 నుంచి మధ్యతరహా హద్దు టర్నోవర్‌కి 500 కోట్లు, పెట్టుబడికి 125 కోట్లు అయ్యింది కాబట్టి 400 కోట్ల టర్నోవర్‌తో మీరు అందులో పడే వీలుంది, ఉద్యం (ఈ పరిశ్రమల కోసం ఉన్న ప్రభుత్వ నమోదు) రిజిస్ట్రేషన్ చూసుకోండి. గమనించండి, ఆ కన్సల్టెంట్ మిమ్మల్ని "పెద్ద వ్యాపారం" అన్నారు, టర్నోవర్ లెక్క ప్రకారం మీరు మధ్యతరహా. ఆ తేడా మీకు లాభం.

ఎప్పుడు చేయించాలంటే, ప్లాంటు నిండుగా నడిచే రోజుల్లో. సరుకు తక్కువ ఉన్నప్పుడు ఖాళీగా ఉంది కదా అని ఆడిటర్‌ని పిలుస్తారు, అప్పుడు కొలిచిన అంకెలు ఎందుకూ పనికిరావు. వీలైతే ఎండాకాలం వెట్ బల్బ్ బాగా పెరిగిన వారంలో ఒకసారి, చలికాలంలో ఒకసారి కండెన్సర్ అంకెలు తీసుకోవాలి. మీ ఆపరేటర్లని మొదటి రోజు నుంచే కూర్చోబెట్టండి, తప్పులు పట్టడానికి వచ్చారన్న టెన్షన్ వాళ్లకి లేకుండా చూడండి, ఏ వాల్వ్ ఎప్పటి నుంచి సరిగా మూసుకోవట్లేదో వాళ్లకే తెలుసు.

ప్లాంటు 12 నెలల బిల్లులు, కంప్రెసర్ లాగ్‌బుక్‌లో ఏదైనా ఒక వారం పేజీలు, సర్వీసు నంబరు, పేర్లు కొట్టేసి ఇక్కడ పెట్టండి. డిశ్చార్జి ప్రెషర్ కాలమ్, ఆరోజు వాతావరణం చూస్తే కండెన్సర్ పరిస్థితి ఏంటో చెప్పగలను. ఆ కొటేషన్‌లో పని వివరాలు ఉన్న పేజీ కూడా పెట్టండి, కొలతల గురించి ఏమైనా రాశారో లేదో చూద్దాం.